మూసీలో పారేది ఎవరి నీళ్లు?

మే నెల మధ్యాహ్నం నయాపూల్ మీద ఆగి పిట్టగోడ మీంచి కిందికి చూడండి. ఒక ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. మధ్యలో రాతిగోడల నడుమ నల్లటి నీళ్లు, అంచుల వెంట గుర్రపుడెక్క, దానిలో ఇరుక్కున్న ప్లాస్టిక్ కవర్లు. వాసన సంగతి చెప్పనక్కర్లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోతుంది. ఈ వాసన అందరికీ అలవాటే. ఆశ్చర్యపోవాల్సింది అక్కడ అసలు నీళ్లంటూ ఉన్నందుకు.

గట్టి వాన పడి ఆరేడు నెలలవుతుంది. ఎగువన గండిపేట జలాశయం గేట్లు మూసే ఉంటాయి. అదే మే నెలలో వికారాబాద్ వైపు వెళ్లి మూసీని దాటితే చెప్పులు కూడా తడవవు. దక్కన్ పీఠభూమి మీద పుట్టి, కేవలం వాన మీద బతికే నదికి ఎండాకాలంలో ఇసుక తప్ప ఇంకేం ఉండకూడదు. మరి నయాపూల్ కింద ఏడాది పొడవునా పారుతున్న ఈ నీళ్లు ఎక్కడివి?

దీనికి జవాబు వెతికితే మనం బడిలో చదువుకున్న మూసీ భూగోళం సగమే నిజమని తేలుతుంది. హైదరాబాద్ మధ్యలో ఒకే పేరుతో, ఒకే పడకలో రెండు నదులు పారుతున్నాయి. ఒకటి అనంతగిరిలో పుట్టింది, ఎప్పుడో గాని కనిపించదు. రెండోది మన కుళాయిల్లో పుట్టింది, ఒక్కరోజు కూడా ఆగదు.

అనంతగిరి నుంచి వచ్చేది

ముందు పటంలో ఉన్న నది సంగతి. హైదరాబాద్‌కు పడమరన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పక్కన అనంతగిరి కొండలు ఉన్నాయి. సముద్రమట్టానికి సుమారు 660 మీటర్ల ఎత్తు. మూసీ అక్కడ పుట్టి, తూర్పుగా నగరం దాకా వచ్చి, బీబీనగర్, వలిగొండల మీదుగా ఆగ్నేయానికి మళ్లి, సూర్యాపేట పక్కనుంచి సాగి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పొడవు 240 కిలోమీటర్ల పైచిలుకు. పరీవాహక ప్రాంతం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు. పాతపేరు ముచికుంద. కొండ గుహలో నిద్రపోతున్న ముచికుందుడు కృష్ణుడి పాదాలు కడిగితే ఆ నీళ్లే నదిగా పారాయని అనంతగిరి స్థలపురాణం. చివరికి వెళ్లి కలిసేదీ కృష్ణలోనే కాబట్టి కథ బాగానే అతికింది.

కథ పక్కన పెట్టి రాళ్లను చూస్తే నది స్వభావం తెలుస్తుంది. అనంతగిరి పైపొర లాటరైట్, అంటే చిల్లులు చిల్లులుగా ఉండే ఎర్రరాయి. దాని అడుగున ఒకనాటి లావా గట్టిపడి ఏర్పడిన నల్లరాయి. వాననీటిని ఎర్రరాయి పీల్చుకుంటుంది, నల్లరాయి కిందికి పోనివ్వదు. ఆ రెండూ కలిసేచోట పక్కల నుంచి ఊటలు వస్తాయి. నది మొదలయ్యేది అలా. కానీ తూర్పుకు కొంత దూరం వచ్చేసరికి నేల మారిపోతుంది. ఇక అంతా గ్రానైట్. హైదరాబాద్‌లో ఇంటి పునాది తవ్వించినవాళ్లకు ఈ రాయి గురించి వేరే చెప్పాల్సిన పనిలేదు, బిల్లే చెబుతుంది. పైన పలచటి మట్టి, కొంత మొరం, ఆ కింద బండ. పడిన వాన ఇంకే దారి లేక పల్లానికి పరుగెత్తుతుంది. అందుకే మూసీకి మధ్యస్థితి లేదు. వస్తే వరద, పోతే ఇసుక.

ఈ నేల మీద వ్యవసాయం చేయాలనుకున్నవాళ్లు వందల ఏళ్ల కిందటే దీనికో ఉపాయం పట్టారు. వాగు వాగుకూ కట్ట వేశారు. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఆ కిందిదానికి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. హుస్సేన్‌సాగర్ కూడా ఈ కుటుంబంలోదే. 1560ల్లో కుతుబ్‌షాహీలు దాన్ని కట్టినప్పుడు మూసీ నుంచి బల్కాపూర్ కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. ఇప్పటికీ ఆ చెరువులోంచి పొంగిన నీళ్లు నాలాలో పడి అంబర్‌పేట దగ్గర మూసీకే చేరతాయి. ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం గాలి పీల్చుకునేవాళ్లు నిలబడింది ఒకరకంగా మూసీ కూతురి ఒడ్డున.

నగరం ఇక్కడే ఎందుకు పుట్టిందన్నదానికీ నదే కారణం, అయితే తాగునీటి కోసం కాదు. గోల్కొండ కోట మూసీకి ఉత్తరాన ఉంది. అక్కడి నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే సరుకు ఎక్కడో ఒకచోట నది దాటాలి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కార్వాన్ దగ్గర రాతి వంతెన కట్టించాడు. అదే పురానాపూల్. ఆ తర్వాత పదమూడేళ్లకు, 1591లో, దక్షిణపు ఒడ్డున చార్మినార్ లేచింది. యువరాజు ప్రియురాలి కోసం వరదలో గుర్రం దూకించాడని, అది చూసి భయపడిన తండ్రి వంతెన కట్టించాడని ఒక కథ చెబుతారు. బాగుంది గానీ, దారి లెక్క చూసుకుంటే వంతెన కట్టడానికి ప్రేమ అవసరం లేదు, వ్యాపారం చాలు. పదిహేడో శతాబ్దంలో ఆ దారినే వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఈ వంతెన పారిస్‌లోని పోంనఫ్ వంతెనకు ఏమంత తీసిపోదని రాసుకున్నాడు. మొత్తానికి ముందు వంతెన వచ్చింది, తర్వాత ఊరు వచ్చింది.

1908 లెక్క

మూసీ గురించి రాసేవాళ్లందరూ 1908 సెప్టెంబరు 28 దగ్గర ఆగుతారు. ఆగక తప్పదు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు అనుకుంటే, అందులో సగానికి పైగా రెండు రోజుల్లో పడిందన్నమాట. నగరంలోని నాలుగు వంతెనల్లో మూడింటి మీదుగా నీళ్లు పోయి అవి దెబ్బతిన్నాయి, నిలిచింది పురానాపూల్ ఒక్కటే. చనిపోయినవాళ్లు సుమారు 15 వేలమంది అని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది, ప్రతి సెప్టెంబరు 28న కొందరు దాని కింద చేరి ఆ రోజును తలుచుకుంటారు.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చారు. ఆయన చేసిన పని గొప్పదనం ఆనకట్టలు సూచించడం కన్నా ముందు ఇంకో దానిలో ఉంది. కొలిచారు. నగరానికి ఎగువన నీళ్లు వచ్చే విస్తీర్ణం 860 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు. దాదాపు ప్రతి చదరపు మైలుకూ ఒకటి. ఆ రాత్రి తెగినవి 221. వరద ఎందుకంత ముంచుకొచ్చిందో ఈ ఒక్క అంకెలోనే ఉంది. గొలుసు కట్టినప్పుడు ఎంత మేలో, తెగినప్పుడు అంత ముప్పు. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అది తెగి ఇంకా కిందిదాని మీద. వానతో పాటు వాన కన్నా ముందు నిల్వ చేసుకున్న నీళ్లు కూడా ఒకేసారి వచ్చాయి. నగరం దగ్గర ప్రవాహం 4.25 లక్షల క్యూసెక్కులని, అంటే సెకనుకు అన్ని ఘనపుటడుగులని లెక్క తేలింది. మామూలు రోజుల్లో వాగులాంటి నది, ఆ రోజు పులిచింతల గేట్లు బార్లా తెరిచినప్పటి కృష్ణలా పారింది.

విశ్వేశ్వరయ్య సలహా మేరకు ఎగువన రెండు జలాశయాలు వచ్చాయి. మూసీ మీద గండిపేటలో ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని జోడునది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో. ఒడ్డుల వెంట రాతిగోడలు లేచాయి. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లాంటి పెద్ద భవనాలు ఆ తర్వాత నదికి అటూ ఇటూ వచ్చినవే. హైదరాబాద్ నదికి ముఖం చూపించిన కాలం అదొక్కటే. అంతకు ముందూ ఆ తర్వాతా వీపు చూపించడమే.

ఇక్కడ పటం ముందేసుకుని కాస్త ఓపిగ్గా చూస్తే రెండు మూడు సంగతులు దొరుకుతాయి. ఉస్మాన్‌సాగర్‌కు నీళ్లొచ్చే విస్తీర్ణం 738 చదరపు కిలోమీటర్లు. హిమాయత్‌సాగర్‌కు 1,311. అంటే లంగర్‌హౌజ్ దగ్గర, బాపూఘాట్ సంగమంలో కలిసే రెండింటిలో పెద్దది ఈసీ. పేరు మాత్రం చిన్నదానికి దక్కింది. నిల్వ చూస్తే లెక్క తలకిందులు. ఉస్మాన్‌సాగర్ 3.9 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పడుతుంది, హిమాయత్‌సాగర్ 2.97 మాత్రమే. ఎక్కువ నీళ్లొచ్చే వైపు చిన్న గిన్నె పెట్టినట్టయింది. గట్టి వానలు పడ్డప్పుడు టీవీల్లో ముందుగా ‘హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తివేత’ అన్న స్క్రోలింగ్ రావడానికి కారణం ఇదే.

రెండో సంగతి ఇంకాస్త టెన్షన్ పెట్టేది. రెండు జలాశయాలూ కలిపి నిండుగా 6.87 టీఎంసీలు. 4.25 లక్షల క్యూసెక్కుల ప్రవాహంలో ఒక టీఎంసీ దాటిపోవడానికి దాదాపు 39 నిమిషాలు పడుతుంది. అంటే 1908 నాటి ఉధృతి అలాగే కొనసాగితే, రెండూ ఎండిపోయి ఉన్నా సరే, నాలుగున్నర గంటల్లో అంచుదాకా నిండిపోతాయి. అసలు వరదలో ఉధృతి అన్ని గంటలు అదే స్థాయిలో ఉండదు, అది వేరే విషయం. కానీ ‘ఎగువన రెండు డ్యాములు ఉన్నాయి, ఇంక భయం లేదు’ అనుకోవడానికి వీల్లేదని మాత్రం ఈ గుణకారం చెబుతుంది. పైగా వరద ఆపాలంటే జలాశయం ఖాళీగా ఉండాలి, తాగునీళ్లివ్వాలంటే నిండుగా ఉండాలి. ఒకే చెరువుతో రెండు పనులూ చేయించుకోవడంలో ఉండే ఈ పేచీ మొదటి రోజు నుంచీ ఉంది. గేటు ఎప్పుడు ఎత్తాలన్న నిర్ణయం అందుకే ఎప్పుడూ వివాదమే.

2010 తర్వాత హిమాయత్‌సాగర్ గేట్లు మళ్లీ ఎత్తింది 2020 అక్టోబరులో. ఆ పదేళ్లలో నగరానికి మూసీలో వరద ఎలా ఉంటుందో మరుపొచ్చింది. నదిలో ఇళ్లు, రోడ్లు, షెడ్లు వెలిశాయి. వాటన్నిటికన్నా పెద్ద ఉదాహరణ అధికారికంగా కట్టిందే. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఉన్నచోటును ఇమ్లీబన్ అంటారు, చింతలతోపు అని అర్థం. అది మూసీ రెండు పాయల మధ్య ఉన్న లంక. ఊరెళ్లే తొందరలో ఉన్న ప్రయాణికులకు తాము వంతెన దాటి నది నడుమకు వచ్చామన్న సంగతి తోచదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల నుంచి నీళ్లు వదిలినప్పుడు అవి ప్లాట్‌ఫారాల దాకా వచ్చాయి, రాత్రిపూట ప్రయాణికులను బయటికి చేర్చాల్సి వచ్చింది. ఆ వేళ వదిలిన నీళ్లు 1908 ప్రవాహంలో పదో వంతు కూడా కావు.

2020 అక్టోబరు వరద తీరు వేరు. ఆ రోజు ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల పైనే వాన పడింది. 1908లో శంషాబాద్‌లో 24 గంటల్లో పడిన దానికి దాదాపు సమానం. కానీ ఘట్‌కేసర్ నగరానికి దిగువన ఉంది, అక్కడ పడిన నీళ్లు నగరంలోకి రావు. అదే మేఘం నలభై, యాభై కిలోమీటర్లు పడమరగా ఆగి ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఆ రోజుల్లో పాతబస్తీ వైపు కాలనీలు మునిగింది ఎక్కువగా నగరం లోపలి చెరువులు తెగి, నాలాలు పొంగి. నది ఎక్కడో దూరంగా ఉందని ధీమాగా ఉన్న కాలనీలోకి కూడా నది తన పిల్లల్ని పంపగలదు. విశ్వేశ్వరయ్య 788 చెరువులను లెక్కబెట్టింది నగరం బయట. ఇప్పుడు నగరమే ఆ చెరువుల మీదికి వెళ్లి కూర్చుంది.

జలాశయాలను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో గురించి ఒక మాట. పూర్తి నిల్వమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలకు అది పగ్గాలు వేసింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ కొత్త జీవో వచ్చింది. రియల్ ఎస్టేట్ చర్చ అంతా దాని చుట్టూనే తిరిగింది. అయితే భూగోళం దృష్టితో చూస్తే ఆ జీవోకు మొదటి నుంచీ ఒక లోపం ఉంది. నీళ్లు గుండ్రటి గీతను చూసి రావు, పల్లాన్ని చూసి వస్తాయి. చెరువు చుట్టూ 10 కిలోమీటర్లు గీసినా, ఆ చెరువుకు నీళ్లు తెచ్చే వాగులు అనంతగిరి దాకా పాకి ఉన్నాయి. అక్కడి వాగుల మీద కొత్త అడ్డుకట్టలు పడితే, బోర్లు వేసి భూగర్భజలాన్ని తోడేస్తే, గీత లోపల ఒక్క ఇటుక పెట్టకపోయినా జలాశయానికి వచ్చే నీళ్లు తగ్గుతాయి.

కుళాయిలో పుట్టేది

ఇప్పుడు నయాపూల్ కింది నీళ్లకు వద్దాం.

గండిపేట నీళ్లు తాగితే ఇక ఊరు వదిలిపెట్టరని హైదరాబాద్‌లో ఒక మాట ఉండేది. ఆ నీళ్లు కరెంటు అవసరం లేకుండా పల్లం మీదుగానే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్లకు చేరేవి. ఊరు పెరిగేకొద్దీ అవి చాలలేదు. 1965లో మంజీరా నుంచి, ఆ తర్వాత సింగూరు నుంచి, 2004లో నాగార్జునసాగర్ ద్వారా కృష్ణ నుంచి, 2015లో ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచి నీళ్లు తెచ్చారు. కృష్ణ నీళ్లు మూడు దశలు కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు, గోదావరి మొదటి దశ 10 టీఎంసీలు. రెండూ కలిపితే 26.5. గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ నిండుగా ఉన్నప్పుడు పట్టే నీళ్లకు దాదాపు నాలుగు రెట్లు.

ఇంటికొచ్చిన నీళ్లు ఏమవుతాయి? తాగేది గ్లాసులతో లెక్క. స్నానం, బట్టలు, గిన్నెలు, టాయిలెట్ మిగతాదంతా. సరఫరా అయ్యే నీళ్లలో సుమారు 80 శాతం మురుగుగా బయటికొస్తుందని ఇంజినీర్లు లెక్కేస్తారు. ఆ లెక్కన ఈ రెండు నదుల నీళ్లలోంచే ఏడాదికి 21 టీఎంసీలు. రోజువారీగా పంచితే ఆగకుండా 670 క్యూసెక్కుల చొప్పున పారే ఒక చిన్న నది. మంజీరా నీళ్లు, బోర్ల నీళ్లు, ట్యాంకర్ల నీళ్లు కలుపుకుంటే ఇంకా పెరుగుతుంది. అందులో చాలా భాగం నాలాల గుండా, శుద్ధి ప్లాంట్ల గుండా చివరికి మూసీలోనే పడుతుంది, ఊరంతా దానివైపే వాలి ఉంది కాబట్టి. నది ఎండకపోవడంలో రహస్యం ఇంతే. వాన లేని రోజున మూసీకి పుట్టుచోటు అనంతగిరి కాదు, కూకట్‌పల్లిలో తెల్లవారుజామున ఎవరో తిప్పిన కుళాయి.

ఈ నీళ్లు చేసే ప్రయాణం చిత్రమైనది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. గండిపేట పూర్తి మట్టం 1,790 అడుగులు. సరిగ్గా 1,200 అడుగుల తేడా. నగరంలో అన్నిచోట్లా అంత ఎత్తు ఉండదు గానీ వెయ్యి అడుగులకు పైగా ఎత్తిపోయాల్సిందే. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, కరెంటు ఖర్చుతో పైకి తెచ్చిన నీళ్లను ఒక్కసారి వాడి నాలాలో వదిలితే, అవి ఖర్చేమీ లేకుండా కిందికి దొర్లుకుంటూ మళ్లీ కృష్ణకే పోతాయి. అయితే తీసుకున్నచోటికి కాదు. వాడపల్లి ఉన్నది సాగర్‌కు దిగువన.

మంజీరా, గోదావరి నీళ్ల సంగతి ఇంకా తమాషా. మంజీరా గోదావరికి ఉపనది. అంటే గోదావరి పరీవాహకంలోని నీళ్లు హైదరాబాద్ ఇళ్ల మీదుగా మూసీలో పడి, కృష్ణలో కలుస్తున్నాయి. గోదావరి, కృష్ణల అనుసంధానం అనగానే అందరికీ 2015 నాటి పట్టిసీమ ఎత్తిపోతల పథకం గుర్తొస్తుంది. హైదరాబాద్ స్నానాల గదుల గుండా అదే పని 1965 నుంచి జరుగుతోంది. దీనికి మాత్రం ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు.

మూసీ పునరుజ్జీవం పథకంలో భాగంగా గోదావరి నుంచి కొత్తగా తెచ్చే నీళ్లలో 2.5 టీఎంసీలను జంట జలాశయాలకు కేటాయించారు, వాటినుంచి నదిలోకి మంచినీళ్లు వదలాలని. నగరం నడుమ నదిని 55 కిలోమీటర్ల మేర బాగుచేయాలన్నది లక్ష్యం. నది ఒడ్డున బతుకుతున్న వేల కుటుంబాల గోడల మీద 2024లో కూల్చివేత కోసం ఎర్ర గుర్తులు పడ్డాక దీనిమీద రాజకీయంగా ఎంత గొడవైందో తెలిసిందే. అది అలా ఉంచి నీళ్ల లెక్క ఒక్కటే చూద్దాం. 2.5 టీఎంసీలను ఏడాదంతా సమంగా వదిలితే 80 క్యూసెక్కులు కూడా కాదు. అవతల మురుగు 670 క్యూసెక్కుల పైమాట. కాబట్టి ఒడ్డున ఎంత అందమైన పార్కు వేసినా, ఆ నది రంగును నిర్ణయించేవి అంబర్‌పేట లాంటి మురుగు శుద్ధి ప్లాంట్లే. అంబర్‌పేటది రోజుకు 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేయగలదు. నగరమంతా ఇంకో 31 ప్లాంట్లు తలపెట్టారు. ఫొటోలకు పనికిరావు గానీ, ఈ పథకంలో అసలైన నది పని అక్కడే ఉంది.

నురగ, గడ్డి, కత్వ

నగరం దాటాక మూసీ గురించి పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఎక్కువ చూడాల్సింది అక్కడే.

ఉప్పల్, పీర్జాదిగూడ దాటితే నది పక్కన పచ్చటి గడ్డి పొలాలు కనిపిస్తాయి. వరి అనుకుంటారు దూరం నుంచి. అది పశువుల గడ్డి. ఒకసారి నాటితే కోసేకొద్దీ మళ్లీ మొలుస్తూనే ఉంటుంది, మురుగునీళ్లంటే దానికి ఇంకా ఇష్టం. మోకాలి లోతు నల్లనీళ్లలో దిగి కొడవలితో కోసి మోపులు కడతారు. ఆ మోపులు నగరంలోని బర్రెల కొట్టాలకు పోతాయి, అక్కడి నుంచి పాలు ఇళ్లకు వస్తాయి. మనం వదిలిన నీళ్లు ఇలా ఒక చుట్టు తిరిగి మన టీ కప్పులోకే వచ్చి కూర్చుంటాయి.

ఇంకా కిందికి వెళ్తే కత్వలు వస్తాయి. నదికి అడ్డంగా కట్టిన చిన్న రాతికట్టలను ఇక్కడ అలాగే అంటారు. కత్వ వెనక నీళ్లు నిలిచి, పక్క కాలువల్లోకి మళ్లి, చెరువులు నింపి, పొలాలకు పోతాయి. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ ఈ కోవలోవే. కత్వ మీంచి నీళ్లు దూకేచోట తెల్లటి నురగ లేస్తుంది. గాలి వీస్తే దూదిపింజల్లా రోడ్డు మీదికి కూడా ఎగురుతుంది. నగరంలో బట్టలుతికిన, గిన్నెలు కడిగిన సబ్బు అంతా నీళ్లలోనే ఉంటుంది కదా, ఎత్తునుంచి పడి గాలి కలిసేసరికి బకెట్లో చిలికినట్టవుతుంది.

చూడటానికి భయంగా ఉన్నా, కత్వ నదికి కొంత మేలే చేస్తుంది. వెనక నిలిచిన నీళ్లలో బురద అడుక్కి దిగుతుంది. దూకేటప్పుడు నీటిలోకి ఆక్సిజన్ చేరుతుంది. ఒక్కో కత్వ దాటేకొద్దీ నలుపు కొద్దికొద్దిగా విరుగుతుంది, వాసన తగ్గుతుంది. వలిగొండ దాటాక చూసినవాళ్లు నయాపూల్ నీళ్లూ ఇవీ ఒకటే అంటే నమ్మరు. కానీ కరిగిన ఉప్పులు ఈ పద్ధతిలో పోవు, శుద్ధి ప్లాంట్లలోనూ పోవు. పొలానికి పారించిన నీళ్లు ఆవిరైతే ఉప్పు మట్టిలోనే మిగిలిపోతుంది. కళ్లకు తేటగా కనిపించే నీళ్లు కూడా ఏళ్ల తరబడి పారిస్తే నేలను చౌడు చేయగలవు.

భువనగిరి, నల్గొండ వైపు రైతుల పరిస్థితిని ఒక్కమాటలో చెప్పడం కష్టం. ఈ నీళ్ల వల్ల కాళ్లకు దురదలు, చేతులకు పుండ్లు అంటారు. తమ ఊరి కూరగాయలను కొనడానికి జనం జంకుతారంటారు. అదే నోటితో, ఈ నీళ్లు ఆగితే యాసంగి పంట లేదంటారు. రెండూ నిజమే. అనంతగిరి మూసీ వాళ్లకు ఒక్క పంటకే నీళ్లిచ్చేది, అదీ వానదేవుడి దయ ఉంటే. కుళాయి మూసీ రెండు పంటలకూ ఇస్తోంది. శుద్ధి చేసిన నీళ్లను పరిశ్రమలకు, నగరం చెరువులకు మళ్లించాలన్న ఆలోచనలు వచ్చినప్పుడల్లా ఈ పొలాల వాటా ఎంత అన్నది కాగితం మీదికి రావాలి. ఇప్పటిదాకా ఆ నీళ్లు ఎవరి హక్కూ కావు, ఎవరికీ అక్కర్లేనివి కాబట్టి వాళ్లకు దక్కుతున్నాయి. మంచినీళ్లయ్యాక ఎంతమంది చెయ్యి చాస్తారో చూడాలి.

సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు వస్తుంది. 1963లో పూర్తయింది, 4.46 టీఎంసీల నిల్వ. దాని పూర్తి మట్టం 645 అడుగులు, గండిపేట కన్నా 1,145 అడుగుల కింద. నది ఎంత ఎత్తు దిగి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. వానాకాలంలో నగరం దిగువన పడిన నీళ్లు, ఇతర వాగుల నీళ్లు కలిసి ఇక్కడికి చేరేసరికి మూసీ మళ్లీ కొంతవరకు మామూలు నదిలా ఉంటుంది. సూర్యాపేట చుట్టుపక్కల పొలాలకు దీని కాలువలే ఆధారం.

ఆ తర్వాత వాడపల్లి. సంగమం ఒడ్డున అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది, నరసింహస్వామి గుడి ఉంది. మూసీ, కృష్ణ కలిసేచోట స్నానం పుణ్యమని పుష్కరాలకు జనం వస్తారు. అక్కడ కలిసిన నీళ్లు పులిచింతల జలాశయంలోకి పోతాయి. పులిచింతల గేట్లు దాటితే కృష్ణ నేరుగా అమరావతి ముందుకు వెళ్తుంది. హైదరాబాద్‌లో పొద్దున వాడి వదిలేసిన నీళ్లు, కత్వలన్నీ దాటుకుని, పొలాల్లో పోగా మిగిలినవి, రెండో తెలుగు రాజధాని ఒడ్డును తాకి ప్రకాశం బ్యారేజీ వెనక ఆగుతాయి. విజయవాడ ఫిల్టర్ బెడ్లకూ, డెల్టా కాలువలకూ నీళ్లు తీసేది అక్కడి నుంచే.